వీపున సంచి, చేతిలో పాసు

యాత్రకు ధనం ఎంత అవసరమో, ఓర్పు అంతకంటె అవసరం. వీపున సంచులతో ఐరోపాను రైలులో చుట్టివచ్చే మధ్యతరగతి దంపతులకు ఈ సత్యం తొలిరోజుననే బోధపడుతుంది.

ఇతర ఖండాల యాత్రికుల కోసం 1959లో యూరైల్ పాసు, ఐరోపా యువతీయువకుల కోసం 1972లో ఇంటర్‌రైల్ పాసు వెలువడ్డాయి. నేడు ఒక్క పాసుతో 33 దేశాలలో సంచరించవచ్చు. అయినా ఫ్రాన్సు, ఇటలీ దేశాల అతివేగ రైళ్లలో సీటుకు వేరుగా రుసుము చెల్లించాలి. జర్మనీ, ఆస్ట్రియాల ప్రాంతీయ రైళ్లలో ఆ బాధ లేదు.

దంపతులకు అసలు పరీక్ష ఖర్చు దగ్గరే. రాత్రి రైలులో కూర్చుని ప్రయాణిస్తే బస ఖర్చు మిగులుతుంది. మరునాటి ఉత్సాహం తరుగుతుంది. ఒకరు చిత్రశాల చూడాలంటారు. మరొకరు ఒక పూటైనా వేడి భోజనం చేయాలంటారు. ఉన్న యూరోలు రెండింటికీ చాలవు. ఇంట్లోనైతే వాయిదా వేయగల మాట అక్కడ బండి కదిలేలోగా తేలాలి. ఒకరి కోరికకు మరొకరు తలవంచక తప్పదు.

పొదుపు వలన లాభమూ ఉంది. ఇన్స్‌బ్రుక్ నుండి బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీకి దిగే నిదానపు బండ్లు 1867 నాటి మార్గంలో సాగుతాయి. ఆల్ప్స్ లోయలు కిటికీలో మెల్లగా కదులుతాయి. రొట్టెను చెరిసగం పంచుకుంటూ ఇద్దరూ వాటిని తనివితీర చూస్తారు. చేతిలోని కొద్దిని ఇద్దరికీ సరిపెట్టుకోవడం వారు ఆ బండ్లలోనే నేర్చుకుంటారు.