ట్యాంకుకీ ఊపిరాడాలి: గుడివాడ నుంచి హంసలదీవికి పాత వ్యానులో

బండిలోనే ఇల్లు పెట్టుకుని తిరగాలంటే హిమాలయాలకే వెళ్లక్కర్లేదు. గుడివాడలో బయల్దేరి, బందరు మీదుగా దివిసీమ చివరి హంసలదీవి దాకా వెళ్లి రండి. ఘాట్‌రోడ్లు లేవు. దారి పొడవునా కాలవ గట్లు, వరి చేలు, చేపల చెరువులే. కాకపోతే ఇక్కడి ఎండ, మట్టి పాత పెట్రోల్ ట్యాంకుకి బాగానే పరీక్ష పెడతాయి.

మా మావయ్య వ్యాను 1980ల నాటిది, కార్బురేటర్ బండి. వెనక సీట్లు తీయించి పరుపు, నీళ్ల డ్రమ్ము, చిన్న గ్యాస్ స్టవ్వు పెట్టించాడు. మొన్న వేసవిలో నేనూ, మావయ్యా, అత్తయ్యా అందులో బయల్దేరాం. గుడ్లవల్లేరు దాటి కవుతరం దగ్గరికి రాగానే ఇంజిన్ నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. పెడన దగ్గర మళ్లీ అదే తంతు.

మా ఆఫీసు భాషలో ఇది పక్కాగా రీప్రొడ్యూస్ అవుతున్న బగ్. కొంత దూరం నడవడం, ఆగడం, కాసేపు వదిలేస్తే కోలుకోవడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు చూడాల్సింది ట్యాంకులోకి గాలి వెళ్తోందా లేదా అని.

ఎందుకంటారా? నూనె డబ్బాకి ఒకటే కన్నం పెట్టి వంచి చూడండి. గుడగుడమని కాస్త పడి ఆగుతుంది. రెండో కన్నం పెడితే ధార కడుతుంది. ట్యాంకూ అంతే. లోపలున్న పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల పీడనం పడిపోయి, పంపు ఎంత లాగినా ఇంజిన్‌కి చాలినంత పెట్రోల్ అందదు. బండి ఆపితే గాలి ఏ సందులోంచో మెల్లగా దూరుతుంది. అందుకే ఆ పావుగంట వైద్యం పనిచేస్తుంది.

పెడనలో ఇంజిన్ చల్లారాక, మావయ్య మూత నెమ్మదిగా తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. వెంటనే బండి స్టార్టయింది. ‘మూతకి సన్న కన్నం కొట్టేస్తే సరిపోద్ది బాబూ, పది నిమిషాల పని’ అన్నాడు అక్కడి మెకానిక్. మావయ్య సరేననబోయాడు. నేనే వద్దన్నాను. మూత సరిగ్గా పడక కిటికీ కిందే ఉంది. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. అదే బండిలో పడుకుంటాం, అదే బండిలో స్టవ్వు వెలిగిస్తాం. పైగా ఆ కన్నంలోంచి వాన నీళ్లు లోపలికి, కుదుపులకి పెట్రోల్ బయటికి.

వెంట్ పైపు పట్టుకుని వెతికితే అసలు సంగతి బయటపడింది. ట్యాంకు పైనుంచి బండి అడుగుకి వచ్చే సన్న రబ్బరు గొట్టం చివర కందిరీగ మట్టిగూడు కట్టేసింది. బండి నెలల తరబడి షెడ్డులో ఉంది కదా! గొట్టం కూడా గట్టిపడి పగుళ్లిచ్చేలా ఉంది. పాతకాలం రబ్బరుకి ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోల్ పడదు. ఇథనాల్‌ని తట్టుకునే కొత్త ఫ్యూయల్ గొట్టం వేయించి, చివర బండి బయటే ఉండేలా బిగించి, సన్న జాలీ కట్టించాం. ఇలాంటప్పుడు కంప్రెసర్‌తో ట్యాంకులోకి గాలి కొట్టించకండి, పాత రేకు తట్టుకోలేదు. గొట్టం ఊడదీసి విడిగా ఊదించండి.

కథ అక్కడితో అయిపోలేదు. బందరు బంకులో నాజిల్ టక్కున ఆగాక కూడా, రౌండ్ ఫిగర్ కోసమని కుర్రాడు ఇంకాస్త కొట్టాడు. మధ్యాహ్నం మంగినపూడి బీచ్ దగ్గర ఎండలో బండి ఆపాం. అత్తయ్య టీ పెట్టబోతూ ‘ఏంట్రా ఈ వాసన?’ అంది. చూస్తే వెంట్ పైపులోంచి పెట్రోల్ చుక్కలు. స్టవ్వు జోలికి పోకుండా అందరం దిగి దూరంగా నిలబడ్డాం. చుక్కలు ఆగి, వాసన పూర్తిగా పోయేదాకా ఎవరం దగ్గరికి వెళ్లలేదు.

ఈసారి లెక్క వేరు. 40 లీటర్ల పెట్రోల్ 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకి పైనే ఉబ్బుతుంది. అంచుదాకా నింపితే దానికి చోటేదీ? గొట్టం బయటికి ఉండబట్టి చుక్కలు ఇసుకలో పడ్డాయి. లోపల పడి ఉంటే, అత్తయ్య చేతిలో లైటర్ ఉంది.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డకి చేరేసరికి ఎండ తగ్గింది. కృష్ణ ఇక్కడే చీలుతుంది. దివిసీమ పొలాలకి వెళ్లే కాలవ నది మీదుగా అక్విడక్టులో పారుతుంటుంది. బండి ఆపి చూడండి. అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి దాకా మా వ్యాను మళ్లీ దగ్గలేదు.

మీరూ పాత బండిలో ఈ దారి పట్టాలనుకుంటే బయల్దేరే ముందే వెంట్ పైపు రెండు చివరలూ చూసుకోండి. నాజిల్ ఆగిన చోటే ఆపమనండి. మూతకి కన్నం మాత్రం వద్దు. బండిలో పెట్రోల్ వాసన వస్తుంటే ఆ రాత్రి స్టవ్వు వద్దు, అందులో పడకా వద్దు. అవనిగడ్డలో బస చేసి, పొద్దున్నే హంసలదీవి వెళ్లొచ్చు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు తెల్లారాకే బాగుంటుంది.