స్వరానికి ఊపిరి

సింథసైజరులో పుట్టిన నాదం మొదట తుమ్మెద రొదలా ఒక్క తీరునే ఉంటుంది. ఫిల్టరు అందులోని పై ధ్వనులను అణచి మెత్తబరుస్తుంది. ఆ ఫిల్టరు ఎంత వేగంగా తెరుచుకోవాలో, ఎంతలో ముడుచుకోవాలో చెప్పేదే ఎన్వలప్. 1965లో ఉసాచెవ్‌స్కీ అనే స్వరకర్త కోరగా రాబర్ట్ మోగ్ (మూగ కాదండోయ్, మోగ్!) ఎన్వలప్ పరికరాన్ని నాలుగు దశలుగా కట్టాడు: లేవడం, తగ్గడం, నిలవడం, వేలు తీశాక విడవడం. ఫిల్టరును చప్పున తెరిచి మూస్తే తీగ మీటినట్లుంటుంది. కాస్త తాపీగా తెరిస్తే కొమ్ము ఊదినట్లుంటుంది.

వీణ వాయించే మా అక్కయ్య, "యంత్రానికి ప్రాణమెక్కడిదిరా?" అంటుంది. వీణ మీటినా పై ధ్వనులే కదా ముందు అణగిపోయేది! చెవికి తగిలే ప్రాణం ఆ మార్పే. తీగకు అది పుట్టుకతోనే ఉంది. యంత్రానికైతే వాయించేవాడే పోయాలి.