సగరుల దీవి

కోల్‌కతా నుంచి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే కాక్‌ద్వీప్ దాటిన తరువాత ఒక రేవు వస్తుంది. దాని పేరు లాట్ నంబర్ 8. పుణ్యక్షేత్రానికి దారితీసే రేవుకు ఇంత పొడి పేరు ఎలా వచ్చిందా అని కొత్త యాత్రికుడు ఆశ్చర్యపడతాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లేయ ప్రభుత్వం సుందరవనాలను కొలిపించి, ముక్కలుగా విభజించి, అడవి నరికి సాగుచేస్తామన్నవారికి కౌళ్లకు ఇచ్చింది. ఒక్కొక్క ముక్క ఒక లాటు. అడవి పోయింది, కౌళ్లు పోయాయి, అంకె మాత్రం మిగిలింది.

ఆ రేవు నుంచి ముడిగంగ పాయను లాంచీ మీద దాటాలి. పోటు సమయంలో సముద్రంలా కనిపించే ఆ నీరు, ఆటు వేళకు ఇసుకమేటలు బయటపెట్టి లాంచీలను ఆపివేస్తుంది. పున్నమికి, అమావాస్యకు ఆటుపోట్ల మధ్య తేడా నాలుగైదు మీటర్లు ఉంటుంది. కనుక ఇక్కడ ప్రయాణ ముహూర్తం నిర్ణయించేది పంచాంగం కాదు, నది. ఆవలి ఒడ్డున కచుబేరియా. అక్కడినుంచి దక్షిణపు కొసన ఉన్న కపిలాశ్రమం దాకా సుమారు 30 కిలోమీటర్ల రోడ్డు. అదే సాగరద్వీపం.

దారి పొడవునా వరిపొలాలు, చెరువులు, ఎండ తగలకుండా నాలుగువైపులా దడి కట్టి పైన కప్పు వేసిన తమలపాకు తోటలు. సాగర్ ఆకుకు కోల్‌కతా బజారులో మంచి గిరాకీ ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం సాగర్ బ్లాకులో నివసించేవారు 2 లక్షల 12 వేల మంది. సంక్రాంతికి వచ్చే లక్షల యాత్రికులలో చాలామంది ఈ జనాన్ని చూడనే చూడరు. వారికి ఇది మూడు రోజుల దీవి.

తెలుగువారికి ఈ చోటు పేరు కొత్తది కాదు. కష్టమైన పని దేనినైనా భగీరథప్రయత్నం అనే మనం, ఆ ప్రయత్నం ముగిసినది ఇక్కడనే అన్న సంగతి మాత్రం తరచు మరచిపోతాము. అయోధ్యాధిపతి సగరుని యాగాశ్వాన్ని ఇంద్రుడు అపహరించి కపిలమహర్షి ఆశ్రమంలో కట్టివేశాడు. అరవై వేలమంది సగరపుత్రులు గుర్రాన్ని వెదుకుతూ భూమిని తవ్వుకుంటూ పోయి, మునిని దొంగ అని నిందించి, ఆయన చూపుకు భస్మమయ్యారు. అంశుమంతుడు, దిలీపుడు సాధించలేనిదాన్ని భగీరథుడు సాధించి, గంగను ఆ బూడిద మీదికి నడిపించాడు. సముద్రానికి సాగరమన్న పేరు కూడా సగరుని వల్లనే వచ్చిందంటారు. మట్టిపని, ఉప్పుపని చేసి చెరువులు తవ్విన మన ఉప్పరులు నేటికీ తాము సగరులమని చెప్పుకుంటారు. తవ్వినవారికి ఆ కథలో దక్కినది బూడిదే అయినా, ఆ వంశనామాన్ని నిలుపుకున్నది తవ్వేవారే!

భూమిని తవ్వినవారి కథ వెలసిన ఈ నేల స్వయంగా నది మోసుకువచ్చిన మట్టి. హిమాలయాల నుంచి గంగ తెచ్చిన ఒండ్రు, ఇసుక సముద్రపు పోటుకు ఎదురై ఆగినచోట మేట వేస్తాయి. మేట మీద గడ్డి మొలుస్తుంది, గడ్డి మీద మడచెట్లు లేస్తాయి. ఆ చెట్ల వేళ్లు మరికొంత బురదను పట్టి నిలుపుతాయి. శతాబ్దాలు గడిస్తే అది దీవి అవుతుంది. ప్రవాహం దిశ మారితే అదే దీవి ఒకవైపు కరుగుతూ మరొకవైపు పెరుగుతుంది. గంగ ప్రధానధార తూర్పున పద్మలోకి మళ్లిన తరువాత హుగ్లీ బలహీనపడింది. కలకత్తా రేవును పూడిక నుంచి కాపాడేందుకు ఫరక్కా బ్యారేజీ కట్టి 1975లో నీటిని మళ్లించవలసి వచ్చింది. కోల్‌కతాకు పోయే ఓడలన్నీ సాగరద్వీపం పక్కనుంచే నదిలో ప్రవేశించాలి.

ఇటువంటి నేలమీద ప్రాచీన కట్టడాన్ని ఆశించడం న్యాయం కాదు. మహాభారతంలో ధర్మరాజు గంగాసాగర సంగమంలో స్నానం చేశాడు. కాళిదాసు రఘువు గంగాప్రవాహాల నడుమ దీవులలో జయస్తంభాలు నాటాడు. మందిర్‌తలా అనే చోట పాత ఇటుక కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. కాని యాత్రికుడు నేడు దర్శించే కపిలమందిరం 1970లలో కట్టినది. దానికి ముందున్న గుడులను సముద్రం ఒకదాని తరువాత ఒకటి మింగివేసింది. గుడి పోయినప్పుడల్లా మూర్తులను వెనక్కు తెచ్చి మరికొంత లోపలికి ప్రతిష్ఠించుకున్నారు. పూజాధికారం అయోధ్యలోని హనుమాన్‌గఢీ మహంతులది. సగరుని రాజధానివారే సగరపుత్రుల శ్మశానానికి కావలి కాయడం కాకతాళీయమే కావచ్చు, ఉచితంగా మాత్రం ఉన్నది.

ఇక్కడి నీటికి భక్తులు ఇచ్చిన కానుకలు ఎప్పుడూ పువ్వులు, కొబ్బరికాయలు మాత్రమే కావు. సంతానం కోసం మొక్కుకున్న తల్లులు పుట్టినవారిలో ఒకరిని సంగమంలో వదిలే ఆచారం ఒకప్పుడు ఉండేది. గవర్నర్ జనరల్ వెలస్లీ 1802లో ఆరవ రెగ్యులేషన్ ద్వారా దానిని హత్యానేరంగా ప్రకటించి నిషేధించాడు. ఆచారం ఆగిపోయింది, కాని దాని నీడ వంగసాహిత్యం మీద చాలాకాలం నిలిచింది. రవీంద్రుని ‘దేవతార్ గ్రాస్’ అనే కథాకావ్యంలో సాగరయాత్రకు తానూ వస్తానని మారాం చేసిన రాఖాల్ అనే బాలుణ్ణి తల్లి విసుగుతో సముద్రానికి ఇచ్చేస్తానంటుంది. తిరుగుప్రయాణంలో తుపాను రేగుతుంది. ఇస్తామన్నది ఇవ్వనందువల్లనే సముద్రానికి కోపం వచ్చిందని పడవలోనివారు బాలుణ్ణి నీటిలోకి తోసివేస్తారు.

బంకించంద్రుడు 1866లో వెలువరించిన ‘కపాలకుండల’ కూడా గంగాసాగరం నుంచి తిరిగివస్తున్న పడవతోనే మొదలవుతుంది. పొగమంచులో దారి తప్పిన పడవ ఒడ్డుకు చేరితే, అందరి వంటకు కట్టెలు తేవడానికి దిగినవాడు నవకుమారుడు. పోటు వచ్చి పడవను లాగుకుపోగా, తోటి యాత్రికులు అతణ్ణి అక్కడే వదిలిపెట్టి పోతారు. కాపాలికుని బలిపీఠం నుంచి అతణ్ణి తప్పించేది అడవిలో పెరిగిన ఒక కన్య.

ఈ రెండు కథలూ అచ్చులోకి రాకముందునుంచే సుందరవనాల జనం నోట ఇటువంటిదే మరొక కథ ఉన్నది. దుఖే అనే పేదపిల్లవాణ్ణి చిన్నాన్న వరసవాడు తేనెకోసం అడవికి తీసుకువెళతాడు. పులిరూపుడైన దక్షిణరాయుడు తేనె, మైనం పుష్కలంగా ఇస్తాను, బదులుగా పిల్లవాణ్ణి వదిలివెళ్లమంటాడు. పడవ నింపుకొని పెద్దవాడు వెళ్లిపోతాడు. దుఖే తల్లి చెప్పినట్టు బన్‌బీబీని పిలుస్తాడు, ఆ వనదేవత వచ్చి కాపాడుతుంది. బన్‌బీబీని హిందువులూ కొలుస్తారు, ముసల్మానులూ కొలుస్తారు. అడవి కొట్టడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి రప్పించిన ముండా, ఒరావ్, సంతాల్ కుటుంబాల వారూ అడవిలోకి అడుగుపెట్టే ముందు ఆమెకే మొక్కుతారు. వారిని ఈ ప్రాంతపు ఆదివాసులంటారు. అయితే వారి తాతలు ఇక్కడికి కూలికి వచ్చినవారు. వారసత్వమంటే ఇక్కడ నేలలో పాతుకున్నది కాదు, పడవలో వెంట తెచ్చుకున్నది.

సాగరద్వీపంలో ఒకప్పుడు పులులుండేవి. 1792 డిసెంబరులో వేటకు దిగిన ఒక ఆంగ్ల యువకుణ్ణి పులి ఎత్తుకుపోయింది. ఆ యువకుడు సర్ హెక్టర్ మన్రో కుమారుడు. శ్వేతజాతీయుని మీద పడి గర్జించే టిప్పు సుల్తాన్ కొయ్యపులికి ఈ ఘటనే ప్రేరణ అని చాలామంది నమ్ముతారు. ఆ బొమ్మ నేడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాలలో కలకత్తా ధనికులు సంఘంగా ఏర్పడి దీవి అడవిని నరికించసాగారు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర నుంచి మరలివస్తూ 1831లో కలకత్తా చూసిన నాటికి ఆ పని సాగుతున్నది. 1833 తుపాను దానిని చాలావరకు తుడిచిపెట్టింది. మళ్లీ నరికారు, మళ్లీ కట్టలు పోశారు. 1864 అక్టోబరు 5న వచ్చిన తుపానులో దీవిలోని 5,600కు పైబడిన జనంలో బతికి బయటపడినవారు 1,500 లోపే. ఆ తరువాత కూడా మేదినీపూర్ జిల్లా నుంచి భూమిలేని రైతులు వస్తూనే ఉన్నారు. నేటి దీవివాసులలో ఎక్కువమంది వారి సంతతే.

వారి వెనుక మరొక వలస వచ్చింది, ఈసారి పక్కనుంచే. సాగర్‌కు ఉత్తరాన హుగ్లీలో లోహాచరా అనే చిన్న దీవి ఉండేది. ఏటేటా ఒడ్డు కోసుకుపోగా జనం ఇళ్లు వదిలి సాగర్ చేరారు. 2006లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ద్వారా, మనుషులున్న దీవి మునిగిపోయిందన్న వార్త ప్రపంచ పత్రికలకెక్కింది. దానికి పొరుగున ఉన్న ఘోడామారా 1970ల నడుమ 8 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది, 2012 నాటికి దాదాపు సగమయింది. ఘోడామారా అంటే గుర్రం చచ్చినచోటు. ఎవరో దొరగారి గుర్రాన్ని పులి చంపిందట. ఈ తీరంలో కథ ఏదైనా ఒక గుర్రం పోవలసిందే కాబోలు!

ఈ దీవులు కరగడానికి కారణాలు పలు విధాలు. సముద్రమట్టం పెరుగుతున్నది, మెత్తని డెల్టా నేల కుంగుతున్నది, ఎగువన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతున్నది, మడ అడవి లేని ఒడ్డును అలలు సులువుగా కోస్తున్నాయి. 2009లో ఐలా, 2020లో అంఫన్, 2021లో యాస్ తుపానులు కట్టలు తెంచి పొలాల్లో ఉప్పునీరు నింపాయి. ఘోడామారా వాసులు మరొక మాట కూడా అంటారు. ఓడల దారిని లోతుగా ఉంచేందుకు నదిలో చేసిన పనులు ప్రవాహాన్ని తమ మీదికి తిప్పాయని వారి ఆరోపణ. అందులో ఎంత నిజమున్నదో తేల్చవలసినవారు నదీశాస్త్రజ్ఞులు. కాని రాఖాల్, నవకుమారుడు, దుఖేల కథలు తెలిసినవారికి ఆ ఫిర్యాదు కొత్తగా వినిపించదు. పెద్ద పడవ సాగిపోవడానికి ఒకరిని ఒడ్డున దింపివేయడం ఈ నోటిదగ్గర పాత అలవాటే.

సాగర్‌లో నిర్వాసితుల కోసం వెలసిన కాలనీలలో ఒకదానికి బంకింనగర్ అని పేరు. ఇంకొకటి జీవన్‌తలా. తొలి రోజులలో వచ్చినవారికి కొంత భూమి దొరికింది. తరువాత వచ్చినవారికి దొరికినది అంతకంతకూ తగ్గింది. చేరిన చోట కూడా తూర్పు కట్టలు, దక్షిణపు తీరం కోతకు గురవుతూనే ఉన్నాయి. నీట మునిగిన పొలాల కాగితాలను పెట్టెలలో భద్రంగా దాచుకున్నవారు కొందరున్నారు. నది తీసుకున్నదాన్ని ఎప్పుడైనా తిరిగి ఇస్తుందేమోనని వారి ఆశ. అది వట్టి పిచ్చి కాదు. 2009లో లోహాచరా నేల కొంత మళ్లీ పైకి తేలడం చూసినవారున్నారు.

సంక్రాంతి వేకువన చలికి వణుకుతూ లక్షలమంది సంగమంలో మునుగుతారు. వైతరణి దాటించమని ఆవుతోక పట్టుకుంటారు. పితృదేవతలకు నువ్వులు, నీళ్లు వదులుతారు. వారి కోసం మేళాకు ముందే అలలు కోసిన ఒడ్డును ఇసుకబస్తాలతో సరిచేస్తారు. మూడు రోజుల తరువాత లాట్ నంబర్ 8 రేవులో రద్దీ తగ్గుతుంది. పెద్ద లాంచీలు కచుబేరియాకు పోతుండగా, ఓ పక్కన ఘోడామారాకు పోయే చిన్న పడవ ఉంటుంది. వచ్చేటప్పుడు తమలపాకు గంపలు తెస్తుంది, పోయేటప్పుడు బియ్యపు బస్తాలు, కిరాణా సరుకులు, బడిపిల్లల పుస్తకాలు తీసుకుపోతుంది. పోటు అందుకోగానే దానిని వదులుతారు.