మిత్రుడు పంపిన మాంసము

మేము ఒకప్పుడు ఒక మిత్రుని కానుకను చెత్తకుండీ పాలు చేసితిమి. ఆ సంగతి అతనికి తెలియదు. తెలియకపోవుటయే మమ్ము నేటికిని బాధించుచున్నది. కావున ముందుగా దానిని చెప్పుకొని, తరువాత తక్కిన విషయమునకు వచ్చెదము.

2015వ సంవత్సరమున మేము రియాదు నగరమునకు పోయి, మన దేశపు పిల్లలు చదువుకొను నొక పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరితిమి. ఆరు సంవత్సరము లచ్చట నుంటిమి. అరబ్బీ బోధించు పండితు డొకడు సూడాను దేశస్థుడు. మేము సంస్కృతము చదివినవారమని తెలిసినది మొదలు, ధాతువులను గూర్చియు వ్యుత్పత్తులను గూర్చియు ముచ్చటించుటకై విరామకాలమున మా యొద్దకు వచ్చి కూర్చుండెడివాడు. ఒంటెను వారు ‘జమల్’ అందురు. సౌందర్యమును ‘జమాల్’ అందురు. రెండింటికిని మూలాక్షరము లొక్కటే. ఆ మాట చెప్పునప్పుడు అతని మొగము వికసించెడిది. అతని తాతలు కోర్డొఫాను సీమలో ఒంటెలను తోలుకొని ఈజిప్టునకు పోయినవారట. ఆ యెడారి దారులలో ప్రసిద్ధమైనదానికి ‘అర్బయీన్’ అని పేరు. అర్బయీన్ అనగా నలువది. నలువది దినముల ప్రయాణము. ఆ ఒంటెలలో చాల భాగము కైరో చెంతనున్న సంతలో మాంసమునకే అమ్ముడుపోవును.

మా యింటి యామెకు ఆ కాలమున రక్తహీనత. పరీక్షింపగా హిమోగ్లోబిను 8 గ్రాములని తేలెను. వైద్యురాలు ఇనుపమాత్రలు వ్రాసియిచ్చి, మాంసము తినుమనియు, భోజనము కాగానే తేనీరు త్రాగుట మానుమనియు చెప్పెను. ఈ సంగతి మేము మాటల సందర్భమున మా మిత్రునికి చెప్పితిమి. ఆ శుక్రవారమే అతడు మూతగల గిన్నె నొకదానిని తెచ్చి మా గుమ్మమున నిలిచెను. “ఉస్తాద్, ఇది హాషీ. మా సోదరికి పెట్టండి. మా అమ్మ ఉంటే తానే వండి పంపేది” అనెను. హాషీ యనగా లేత ఒంటె.

మా యింట మాంసము నిషిద్ధము కాదు. ఆదివారమున కోడియో మేకయో వండుకొనుట మా తండ్రిగారి నాటి నుండియు నున్నదే. ఐనను గిన్నె మూత తీయగానే మా యిల్లాలు రెండడుగులు వెనుకకు వేసి, “ఏమండీ, జాతరలో పిల్లల్ని ఎక్కించుకు తిరిగేదాన్ని కోసుకు తింటామా?” అనెను. పిల్లలు ముక్కు మూసికొనిరి. వాసన యేమియు లేకున్నను మూసికొనిరి. మేము ఆమెకు నచ్చజెప్పుదుమని చదువరులు తలంచుచుందురేమో! లేదు. రాత్రి వీధి సద్దణగిన తరువాత మేమే దానిని కాగితమున చుట్టి పారవేసి వచ్చితిమి. మరునాడు అతడు “ఎలా ఉంది?” అని యడిగెను. “చాల బాగున్నది” అంటిమి. అబద్ధమునకు ఫలము వెంటనే లభించెను. మరుసటి నెలలో అంతకంటె పెద్ద గిన్నె వచ్చెను.

అసహ్యమునకు శాస్త్రప్రమాణము వెదకుట చదువుకొన్నవారికి గల దుర్గుణములలో నొకటి. ఆ రెండవ గిన్నె ఫ్రిజ్జులో నుండగా మేమును అదే పని చేసితిమి. మనుస్మృతి యైదవ యధ్యాయమున ఒక దవడ యందే ముందుపండ్లు గల పశువులు భక్ష్యములని చెప్పి, ఒంటెను మాత్రము మినహాయించినారు. మాకు ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. అయితే సుశ్రుతుని తీసి చూడగా, ఆయన ఒంటెను మేకతోను గొఱ్ఱెతోను కలిపి గ్రామ్యవర్గమున చేర్చి, ఆ వర్గపు మాంసములన్నియు బలకరములనియు మధురములనియు వ్రాసినాడు. ధర్మశాస్త్రము వలదన్నదానిని వైద్యశాస్త్రము కూర్చుండబెట్టి వడ్డించుచున్నది! ఇంతకును ఎదిగిన ఒంటెకు పై దవడ యందును ప్రక్కన చెరియొక ముందుపన్ను కలదు. మోషే ధర్మశాస్త్రము ఒంటె నెమరువేయునని యొప్పుకొనియు, డెక్క చీలలేదని త్రోసివేసినది. ఇథియోపియా దేశపు ప్రాచీన క్రైస్తవులు నేటికిని దానిని ముట్టరు. ఇస్లాము తినవచ్చుననినది, అందును హన్బలీ సంప్రదాయమువారు ఒంటెమాంసము తినినవాడు ప్రార్థనకు ముందు మరల కాలుసేతులు కడుగుకొని శుద్ధి కావలెనందురు. పండ్లు లెక్కించినవా రొకరు, గిట్టలు చూచినవా రొకరు. మా యింటివారము పండ్లును చూడలేదు, గిట్టలును చూడలేదు, జాతరను తలచుకొంటిమి.

ఎట్టకేలకు వండితిమి. మొదటి ప్రయత్నము చెడినది. కోడికూర వలె నూనెలో వేయించి పావుగంటలో దింపగా, ముక్కలు చెప్పుతోలువలె సాగెను. మేము సిగ్గు విడిచి మిత్రునే యడిగితిమి. అతడు నవ్వి చెప్పినదాని సారమిది. ఆడ ఒంటెను పాలకొరకు ఉంచుకొందురు. అది పదమూడు నెలలు మోసి ఒక్క పిల్లను కనును. రెండేండ్ల కొక్క కాన్పు. కనుక మాంసమునకు పోవునవి చాలవరకు మగపిల్లలు. మూడేండ్లలోపు దాని మాంసము మెత్తన. బరువులు మోసి ముసలిదైనదాని మాంసము కఱ్ఱ. ఏదైనను తొందరపడరాదు. కండరములను పట్టియుంచు గట్టి పీచు తడివేడిలో చాలసేపు మ్రగ్గిననే కరగి జిగురగును. పెనుమంట దానిని బిగించును, చిరుమంట విప్పును.

పిదప మా యిల్లాలు తన తెలివిని జోడించెను. పచ్చిబొప్పాయి తురుము, పెరుగు, అల్లము వెల్లుల్లి ముద్ద, ఉప్పు పట్టించి రాత్రంతయు నుంచినది. మరునాడు దాల్చినచెక్క, ఏలకులు, అరబ్బులు కబ్సాలో వేసికొను నల్లని యెండునిమ్మకాయ యొకటి వేసి, కుక్కరులో ముప్పావుగంట చిన్న సెగపై నుంచి, తరువాత మూత తీసి మన ధనియాలపొడి, మిరియాలతో దగ్గరకు ఇగిర్చినది. ముక్క వ్రేళ్లతో విడిపోయెను. రుచి గొఱ్ఱెకును పశుమాంసమునకును నడుమ నున్నది. చివర కొంచెము తీపు తగులును. గ్లైకోజెను అను పదార్థము ఒకింత హెచ్చుగా నుండుటయే యిందులకు కారణమందురు. సుశ్రుతుని ‘మధురము’ మాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను.

ఇక గుణము మాట. ఒంటె తన కొవ్వును ఒంటినిండ పరచుకొనక మూపున మూటకట్టుకొనును. (మూపురమున నీరుండునని మేమును ఉద్యోగపు తొలియేండ్లలో పిల్లలకు చెప్పినవారమే, ఆ పిల్లలు మమ్ము క్షమింతురు గాక.) అందుచేత తక్కిన మాంసమున కొవ్వు తక్కువ. నూరు గ్రాముల పచ్చిమాంసమున మాంసకృత్తులు సుమారు 20 గ్రాములుండును, మేకమాంసమున నున్నంతయే. ఎండు కందిపప్పునందును లెక్కకు అంతయే యున్నది గదా యని యడుగవచ్చును. నిజమే, కాని యుడికిన పప్పు నీరు త్రాగి ఉబ్బును, గరిటెడు పప్పులో వచ్చునది స్వల్పము. అన్నముతో కలిసినపుడు దాని లోపము చాలవరకు తీరుననుటయు నిజమే. ఇనుము విషయమున మాత్రము మాంసమునకు సాటి లేదు. దానిలోని యినుమును శరీరము సులభముగా గ్రహించును, ఆకుకూరలలోనిదానిని అంతగా గ్రహింపదు. ఇట్లని విందులలో మూపురపు కొవ్వు కరగించి పోసిన యన్నపుగుట్టపై పెట్టు మాంసమును ఆరోగ్యకరమనలేము. జంతువు సన్నదియే, వంట దానిని లావు చేయును.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిక్కడ నున్నది. ఆ కూర సిద్ధమైన దినమున పిల్లలిద్దరును వలదని పెరుగన్నము తినిరి. మేము రెండు ముక్కలు వేసికొని చాలించితిమి. తక్కిన కూరయంతయు మా యిల్లాలి కంచములోనికి చేరినది. ఆమె నిదానముగా కూర్చుండి, ఎముక చప్పరించుచు తినుచుండగా మేము ఎదురుగా కూర్చుండి చూచితిమి. పెండ్లియై అప్పటికి పదునాలుగేండ్లు. ఇన్నాళ్ల ఆదివారములలో ఆమె ముక్కలు వేసికొని తినుట మే మెన్నడైన చూచితిమా యని తలచుకొన, జ్ఞాపకము రాలేదు. మంచి ముక్కలు మాకు, తరువాతివి పిల్లలకు, గిన్నె అడుగున మిగిలిన పులుసు ఆమెకు. ఎవరును వలదనలేదు, ఎవరును విధింపలేదు. అట్లు జరుగుచుండెను, అంతే. వైద్యురాలు “మాంసము తినండి” అన్నప్పుడు మేము “వారమునకొకసారి తెచ్చుచునే యున్నాము” అని ఘనముగా బదులిచ్చితిమి. తెచ్చుచుంటిమి, సందేహము లేదు.

మన దేశమున 2019–21 కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని తేలినది. ఆ లెక్క చదివినపుడెల్ల మాకు పేదరికముతో పాటు వడ్డనయు కన్నులకు కట్టును. సంపాదన గల మా యింటిలో సైతము, ఎవ్వరికిని అక్కరలేని మాంసము వచ్చినప్పుడు గాని ఆమెకు నిండు వాటా దొరకలేదు. తరువాత ఆమె హిమోగ్లోబిను 11 దాటినది. అది యినుపమాత్రల మహిమయే కాని ఒంటె మహిమ యని మేము చాటము. కాని అది మొదలు మేకమాంసము వండిన దినమున ముందు ఆమె కంచములో వడ్డించుట మా పని యైనది. మొదట ఆమె కోపగించుకొనెను కూడ.

మా మిత్రుని ఆచారములన్నిటిని మేము స్వీకరించితిమని తలంపవలదు. అతని దేశమున కొందరు ఒంటె కార్జమును పచ్చిగనే ఉల్లి, నిమ్మరసము, మిరపకారముతో తిందురు. మాకును పెట్టబోగా ఈసారి అబద్ధమాడక, వలదంటిమి. మెర్స్ అను శ్వాసవ్యాధి 2012లో సౌదీ దేశముననే బయటపడినది. దాని విషక్రిమి ఒంటెలలో నుండునని తరువాత తెలిసినది. పచ్చిపాలు, సరిగా ఉడుకని మాంసము కూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. అతడు మా మాట విని నవ్వి, “మా తాత తొంబదేళ్లు బ్రతికాడు” అనెను. ప్రతి దేశమునను అటువంటి తాత యొకడుండును.

స్వదేశమునకు వచ్చిన పిదప ఈ కథ విన్న బంధువొకడు, ఇంత మంచిదైనచో మనమేల తినరాదని యడిగెను. ముండ్లపొదలు మేసి, దినములతరబడి నీరు లేక బ్రతికి, ఆ యిసుకను మాంసముగను పాలుగను మార్చు జంతువు ఎడారివారికి తగినది. కృష్ణా గోదావరుల నడుమ మన కేమి యక్కర? మన దేశపు ఒంటెలు 2012 గణనలో నాలుగు లక్షలుండగా, 2019 నాటికి రెండున్నర లక్షలకు తగ్గినవి. రాజస్థాను దానిని 2014లో రాష్ట్రజంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధించినది. 2011 నాటి మన ఆహారభద్రతా నిబంధనలలో మాంసమునకై పేర్కొన్న పశువులలోను ఒంటె లేదు. వధ నిషేధించినందువలన కొనువారు తగ్గి, రైకా కాపరులకు పెంపకము గిట్టక, మందలు మఱింత క్షీణించుచున్నవని చెప్పువారును కలరు. ఆ వాదమున కొంత బలమున్నదనియే మా యభిప్రాయము. మా బంధువునకు మాత్రము, ముందు మీ యింట మేకమాంస మెవరెవరు తినుచున్నారో చూచుకొమ్మని చెప్పితిమి. ఆయన మఱి మాటలాడలేదు.

మేము 2021లో రియాదు విడిచితిమి. మిత్రుడు మరుసటి యేడు ఒందుర్మానునకు, తన తల్లి యొద్దకు, తిరిగిపోయెను. ఈదుపండుగకు మాకు సందేశము పంపెడివాడు. 2023 ఏప్రిలు 15వ తేదీన ఖార్తూమున యుద్ధము మొదలైనది. అటు తరువాత అతని సంఖ్యకు మేము పంపిన మాటలకు బదులు లేదు.

మొదటి గిన్నె సంగతి అతనికి ఎప్పటికైన చెప్పవలెనని యుంటిమి. కడపటిసారి అతడు మాంసము పంపిన అల్యూమినియపు గిన్నె ప్రయాణపు తొందరలో మా సామానులతో వచ్చిపడినది. పొరుగువారి గిన్నెను వట్టిగ తిరిగి యీయరాదని మా యిల్లాలి పట్టుదల. వెనుక అరిసెలో, పులిహోరయో పెట్టియే పంపెడిది. దానిని తోమి బోర్లించి అటుకపై నుంచినది. దానిలో మఱేదియు వండనీయదు.