ఆటగదిలోకి గోదారి ఇసుక

22 ఆగస్టు 2025, శుక్రవారం, నాందేడ్

ఇవాళ పోలా, ఎడ్ల పండుగ. పొద్దుటి నుంచి బజారులో ఎక్కడ చూసినా మట్టి ఎడ్లే. రంగులు, తళుకులు అద్దినవాటిని వదిలేసి కాల్చని జత ఒకటి తీసుకున్నాను. బూడిద రంగు. మూపురం మీద చేసినామె బొటనవేలి ముద్ర అలాగే ఉంది. కొమ్ములు విడిగా చేసి అతికించారు, తడి తగిలితే ఊడతాయి. పిల్లలకు ఆటచికిత్స చేసే నా గదికి అలాంటివే కావాలి. కొమ్ము ఊడితే పిల్లలు ఇంత మట్టి తడిపి మళ్ళీ అతికిస్తారు. విరిగినదాన్ని బాగుచేయడం చాలామంది పిల్లలకు అవసరమైన ఆట.

తెలంగాణ సరిహద్దుకు అవతల ఆదిలాబాద్ వైపు మనవాళ్ళు ఇదే రోజు పొలాల అమావాస్య చేస్తారు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు నుంచి నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లలకు ఈ ఎడ్లను పరిచయం చేయక్కర్లేదు.

ఈ గదికి మొదట తెప్పించిన కిట్టు ఇంకా అల్మారాలో ఉంది. పొగగొట్టమున్న రెండంతస్తుల ఇల్లు, బంగారు జుట్టు తల్లిదండ్రులు, ఒక మంచుబొమ్మ. అందులో నానమ్మ లేదు, మేక లేదు, బిందె లేదు, చీర కొంగుతో ఊయల కట్టుకునే గుడ్డముక్క లేదు. పిల్లలు నోటితో చెప్పలేనిది బొమ్మలతో చెప్తారన్న నమ్మకం మీదే ఆటచికిత్స నిలబడింది. చెప్పడానికి కావలసిన వస్తువే గదిలో లేకపోతే పిల్ల మౌనంగా కూర్చుంటుంది. మనం ఫైల్లో "స్పందన లేదు" అని రాస్తాం. ఆ రాత అన్యాయం.

30 ఆగస్టు, శనివారం

ఇల్లు కట్టడానికి తెచ్చిన గోదారి ఇసుక కుప్పలోంచి రెండు బకెట్లు అడిగి తెచ్చాను. నీళ్ళు తేటపడేదాకా కడిగి, డాబా మీద ఆరబోసి, జల్లెడ పట్టాను. పట్నం మురుగు కలిసే నది, కడగకుండా పిల్లల చేతికి ఇవ్వలేం.

ఇసుక ట్రే కొత్తేమీ కాదు. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1928లో లండన్‌లో క్లినిక్ తెరిచింది. పిల్లల ముందు ఇసుక, నీళ్ళు, చిన్న చిన్న బొమ్మలు పెట్టి చూస్తూ కూర్చునేది. తాము కట్టినదాన్ని పిల్లలే "ప్రపంచం" అన్నారు, ఆ పద్ధతికి ఆ పేరే నిలిచింది. ఆ ఆలోచనకు మూలం హెచ్.జి. వెల్స్ 1911లో తన కొడుకులతో నేల మీద ఆడిన ఆటల గురించి రాసిన పుస్తకం. అంటే ఆ ప్రపంచం లండన్ పిల్లలకు తెలిసిన ప్రపంచం. మనం పద్ధతిని తీసుకోవాలి గానీ వాళ్ళ అల్మారాను కాదు.

ఇసుక ఆరేలోపే ఒక ప్రశ్న వచ్చిపడింది. ఈ నెల మూడో వారంలో ముఖేడ్ తాలూకాలో ఊళ్ళు నీట మునిగాయి, సైన్యాన్ని కూడా పిలిపించారు. ఆ వైపు పల్లె నుంచి ఒక పాపను తీసుకొచ్చారు. ప్రకృతి పిల్లలకు ఊరటనిస్తుందని ప్రతి శిక్షణలోనూ చెప్తారు. ఈ పాపకు వాన చప్పుడే భయం. తడి ఇసుక ట్రే పక్కగదికి మార్చి పొడి ఇసుక మాత్రం ఉంచాను. నీళ్ళ చెంబు పాపకు కనిపించేంత దూరంలో, మూతపెట్టి. చెంబు దాచేస్తే నీళ్ళ మాట ఇక్కడ ఎత్తకూడదని చెప్పినట్టవుతుంది. దగ్గర పెడితే బలవంతం. పాప ఇవాళ చెంబు వైపు చూడలేదు. ఎండిన ఆకులన్నీ ఏరి గూట్లో పై అరకు చేర్చింది. తర్వాత మేకను, దాని పక్కన తన చెప్పులను. కిందది ఏదీ కింద ఉంచలేదు.

నేనేమీ అడగలేదు. వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో రాసిన సూత్రాల్లో నాకు ఎప్పటికీ పనికొచ్చేవి రెండు: దారి పిల్లే చూపాలి, తొందరపెట్టకూడదు.

7 సెప్టెంబర్, ఆదివారం

కిన్వట్ వెళ్ళే దారిలో ఏరుకొచ్చినవి: టేకు ఆకులు, మోదుగ బెరడు, నున్నటి రాళ్ళు, పక్షి ఈకలు. గచ్చకాయలు మాత్రం బిలోలిలో ఒక అవ్వ ఇచ్చింది. ఇక్కడ మరాఠీ ఆడపిల్లలకూ అదే కాయ, అదే ఆట. ఒకటి పైకి ఎగరేసి అది దిగేలోపు కిందవి ఏరుకోవాలి. ఒక్కచోట నిలవలేని పిల్లలు కూడా గచ్చకాయల దగ్గర నిలుస్తారు. చూపు, చెయ్యి, ఊపిరి మూడూ ఒకదానికొకటి కట్టుబడాల్సిన ఆట అది.

తీసుకురాకూడనివి కూడా రాసుకోవాలి. గురివింద గింజలు ఎర్రగా నల్లగా ఎంత అందంగా ఉన్నా గదిలోకి రానివ్వకూడదు. నమిలి మింగితే ప్రాణం పోవచ్చు. ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు కూడా అంతే. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. మూడేళ్ళ లోపు పిల్లలుంటే గచ్చకాయలు, చింతగింజలు కూడా పై అరలోకి. ప్రకృతి అంటే మంచిదేలే అనుకుని సంచి నింపేవాళ్ళను చూస్తే నాకు భయం.

13 సెప్టెంబర్, శనివారం

ధర్మాబాద్ బాబు వచ్చాడు. ఎనిమిదేళ్ళు. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. తల్లి బాసరలో పుట్టింటికి వెళ్ళిపోయింది. బడిలో నోరు విప్పడని ఫిర్యాదు.

ఇవాళ ఇసుకను అరచేత్తో రెండుగా చీల్చాడు. మధ్యలో నీళ్ళు పోశాడు. పగిలిన పెంకులు ఏరి కాలవకు అడ్డంగా వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కటి వేలితో నొక్కి, ఒరిగితే తీసి మళ్ళీ నాటాడు. పోలా ఎడ్లలో ఒకదాన్ని ఈ గట్టున, ఒకదాన్ని ఆ గట్టున పెట్టాడు.

"గేట్లు ఎప్పుడు తీస్తరు తాయీ?" అన్నాడు. ఈ గదిలో వాడి మొదటి పూర్తి వాక్యం, అదీ తెలుగులో.

"గేట్ల దగ్గర సారువి నువ్వే కదా, నువ్వే చెప్పాలె."

"జూలైల తీస్తరు. మా నాయన చెప్పిండు."

ధర్మాబాద్ తాలూకాలో గోదారి మీద బాబ్లీ బ్యారేజీ ఉంది, పద్నాలుగు గేట్లు. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా అవి తెరిచి ఉండాలి. ఆ తర్వాత దించుతారు. దిగువన తెలంగాణ, బాసర, శ్రీరాంసాగర్. ఆ గేట్ల మీద పెద్దల వాదనలు వింటూ పెరిగిన పిల్లాడు వాడు. ఈ నేల తెలియని మనిషి నా కుర్చీలో ఉంటే "గోడ కట్టాడు" అని రాసుకునేది. గోడకూ గేటుకూ ఎంత తేడా! గేటుకు తెరిచే నెల ఉంటుంది. ఆ మాట నేను వాడితో అనలేదు, అనను. వాడి ఆటకు నేను అర్థం చెప్తే అది నా ఆట అయిపోతుంది. కానీ ఆ తేడా నాకు తెలిసి ఉండటం వల్లే "నువ్వే చెప్పాలె" అనగలిగాను. సంస్కృతి తెలియడం అంటే ఈ పనిలో నాకు ఇదే.

22 సెప్టెంబర్, సోమవారం

నిన్న ఎంగిలిపూల బతుకమ్మ. మా పద్మశాలి ఇళ్ళ వాకిట్లో మిగిలిన తంగేడు, గునుగు, బంతిపూలు బుట్టలో తెచ్చి గదిలో ఒక మూల పెట్టాను. ఏమీ చెప్పలేదు. దేవుడి బొమ్మలు మాత్రం గదిలో ఉంచను. రాళ్ళు, గుడ్డలు, పూలు చాలు. ఒక పిల్లకు రాయి పోచమ్మ అవుతుంది, ఇంకో పిల్లకు అదే రాయి దర్గా, గురుద్వారా దగ్గరుండే బాబుకు అది లంగర్ రొట్టె. కిన్వట్ గోండు పిల్లల కోసమని వాళ్ళ వేషం వేసిన బొమ్మ కొందామని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. వాళ్ళ బతుకును మనం బొమ్మగా చేసి వాళ్ళకే ఇవ్వడమేమిటి?

దెగ్లూరు పాప పూలు వలయంగా పేర్చింది. చుట్టూ గుడ్డబొమ్మలను నిలబెట్టింది. అమ్మ బొమ్మను తీసుకొచ్చి వలయంలో పెట్టింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. తండ్రి పోయినేడు చనిపోయాడు. నిన్న వాళ్ళమ్మను ఆటకు పిలవలేదట, నానమ్మే చెప్పింది, అది మామూలే అన్నట్టు.

పండుగ వస్తువులు తెచ్చి పెడితే సంస్కృతిని గౌరవించినట్టే అనుకోవడం నాకు చాలదు. ఆ పండుగ ఎవరిని బయట నిలబెడుతుందో కూడా చూడాలి. ఈ రాష్ట్రంలోనే కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022 మేలో విధవాచారాలను ఆపుతూ తీర్మానం చేసింది, ప్రభుత్వం మిగతా ఊళ్ళనూ అదే చేయమంది. ఆ సంగతి నానమ్మకు నెమ్మదిగా చెప్పాను. ఆమె వింది. సద్దుల బతుకమ్మకు ఇంకా వారం ఉంది. ఈలోపు మరోసారి మాట్లాడాలి.

1 నవంబర్, శనివారం

అక్టోబర్ 28తో గేట్ల గడువు అయిపోయింది. బాబు ఆ మాటే ఎత్తలేదు. ఇసుక వైపు వెళ్ళలేదు కూడా. వచ్చీ రాగానే గచ్చకాయలు తీసుకుని నాతో ఆడాడు, ఓడిపోతే నవ్వాడు, "ఇంకోసారి" అన్నాడు. బడిలో ఇప్పుడు పక్కవాడితో మాట్లాడుతున్నాడట. ముఖేడ్ పాప పోయిన వారం చెంబు మూత తీసి, మేకకు నీళ్ళు తాగించి, తిరిగి మూత పెట్టింది.

బాబు తండ్రి బయట నిలబడి అడిగాడు: "గిట్ల ఆడుకునుడుకు ధర్మాబాద్ నుంచి రావాల్నా మేడం? పరీక్షలొస్తున్నయి." అతని శనివారం కూలి పోతోంది, అడగడం న్యాయమే. ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు పిల్లాడి పక్కన కూర్చోమని, ఫోన్ పక్కన పెట్టి వాడు ఏ ఆట అంటే అదే ఆడమని చెప్పాను. ఆటలో తప్పులు దిద్దొద్దన్నాను. రెండు వారాలకోసారి వస్తే చాలు, కానీ ఇప్పుడే మానేయకూడదు. ఒప్పుకున్నాడు.

తల్లితో కూడా మాట్లాడాలి. బాసర నుంచి నాందేడ్‌కు రైలుంది. సోమవారం ఫోన్ చేస్తాను.