పాకాల నీటిలో కొండ నీడ

వరంగల్ నుండి నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణిస్తే పాకాల చెరువు వస్తుంది. కాకతీయ గణపతిదేవుని ఏలుబడిలో, అంటే 13వ శతాబ్దంలో, కొండల నడుమ కట్ట వేసి వాగునీటిని నిలిపారు. చుట్టూ అభయారణ్యం. మా అమ్మీ పుట్టింటివారి ఊరు ఆ ప్రాంతంలోనే ఉంది. నీటికాసుల వ్యాధి వల్ల ఆమె చూపు ఏటేటా కుంచించుకుపోతోంది. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలినదానిని కాపాడుకోవడమే మార్గమని వైద్యులు తేల్చిచెప్పారు. మోకాళ్ళ నొప్పులతో ప్రయాణమూ చేయలేరు. “పాకాలలో తెల్లవారుజామున కొండ నీళ్ళలోకి దిగుతుంది. అది ఒక్కసారి చూడాలని ఉంది” అన్నారామె. ఆ కోరిక తీర్చడానికే జనవరిలో మేము కెమెరా తీసుకుని బయలుదేరాము.

రాత్రి నర్సంపేటలో బస చేసి, ఫజ్ర్ నమాజు ముగియగానే కట్ట చేరుకున్నాము. గాలి ఇంకా లేవలేదు. ప్రతిబింబాన్ని పట్టుకోదలచినవారికి దొరికే వ్యవధి అంతే. ఎండ పొడుచుకువచ్చి గాలి కదిలిందంటే అద్దం ముక్కలవుతుంది.

మొదటి అరగంట మా అజ్ఞానానికే సరిపోయింది. ఆకాశపు తళతళ తగ్గుతుందని ఎవరో చెప్పగా కొన్న పోలరైజర్ ఫిల్టరును మా అబ్బాయి కెమెరాకు బిగించి తిప్పాడు. నీటిలోని చెట్లు మాయమై, అడుగునున్న రాళ్ళు కనిపించాయి! నీటి మీది మెరుపును అడ్డుకోవడమే దాని పని. మేము వచ్చింది ఆ మెరుపు కోసమే కదా. తీసి సంచిలో వేశాము. తరువాత నీటి అంచున తేలుతున్న ఆకు మీద ఫోకస్ పెడితే కొండ నీడ మసకబారింది. నీడ నీటి పైన ఉన్నట్టు తోచినా, కెమెరాకు అది కొండ ఉన్నంత దూరంలోనే ఉంటుంది. కొండ మీద ఫోకస్ పెట్టగానే రెండూ తేటపడ్డాయి.

కట్ట మీద నుండి కిందికి దిగి, నీటి ఒడ్డున మోకరిల్లి తీసిన చిత్రాలే బాగా వచ్చాయి. నీటిని నిట్టనిలువుగా పైనుండి చూస్తే అది వెలుగులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే తిప్పి పంపుతుంది. చూపు ఏటవాలు అయ్యేకొద్దీ ఆ పాలు పెరుగుతుంది. అందుకే కెమెరాను కిందికి దించాలి. బట్టలు బురద కావడం తప్పదు.

ఇంటికి వచ్చాక అసలు పేచీ మొదలైంది. మేము తెచ్చిన వాటిలో కట్ట మీద నుండి తీసిన చిత్రమే విశాలమైనది. అందులో నీటి మీద చిన్న అల, ఒక పక్క తెల్లని ప్లాస్టిక్ సీసా పడ్డాయి. మా అబ్బాయి కంప్యూటరులో చిత్రం పైసగాన్ని తలక్రిందులు చేసి కింద అతికించాడు. అల లేదు, సీసా లేదు. చూడటానికి మాకూ ముచ్చటగానే అనిపించింది. అమ్మీ కళ్ళకు ఆ తేడా ఏం తెలుస్తుందిలే అని మేమూ ఊరుకున్నాము. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, అన్నది నిజం.

అమ్మీ ఆ పటాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి, తలను మెల్లగా అటూ ఇటూ కదుపుతూ చాలాసేపు చూశారు.

“బేటా, ఇది పాకాల కాదు.”

“పాకాలే దాదీ, నేనే తీశాను.”

“కట్ట మీద నిలబడితే ఒడ్డు చెట్టు కొండ కంటే పొట్టిగా ఉంటుంది. నీళ్ళలో మాత్రం అదే చెట్టు కొండను మించిపోతుంది. చిన్నప్పుడు మేము దానికే నవ్వుకునేవాళ్ళం. ఇక్కడ రెండూ ఒకేలా ఉన్నాయి. నీళ్ళూ ఆకాశమంత తెల్లగా ఉన్నాయి. అలా ఎక్కడైనా ఉంటుందా?”

అసలు చిత్రం తెరిచి చూశాము. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎత్తు నుండి చూసే కంటికి నీటిలోని దగ్గరి వస్తువు దూరపు వస్తువును మరింతగా కప్పుతుంది. నీడ కూడా అసలు కంటే ఒక పాలు ముదురుగానే ఉంటుంది, కొంత వెలుగు నీటిలోకి దిగిపోతుంది కాబట్టి.

ఆ రాత్రి మా అబ్బాయి మొదటి ఫైలునే మళ్ళీ తీసుకున్నాడు. నీటి గీత ఒక పక్కకు ఒరిగి ఉంటే సరిచేశాడు. నీడలను కొద్దిగా తేర్చాడు గానీ, నీటిని ఆకాశం కంటే ముదురుగానే ఉంచాడు. అలను, సీసాను ముట్టుకోలేదు. పెద్ద సైజులో అచ్చువేయించి ఆమె చేతికిచ్చాడు.

ఈసారి ఆమె వేలు కొండ అంచు వెంబడి నడిచి, నీటిలోకి దిగి, తెల్లని మచ్చ దగ్గర ఆగింది.

“ఇదేమిటి, కొంగా?”

“సీసా, దాదీ.”

“అయ్యో” అని, కాసేపటికి, “తూము వైపు ఎందుకు తీయలేదు? మేము నీళ్ళకు దిగేది అటే” అన్నారు.

అటు వెళ్ళాలని మాకు తోచనేలేదు. సెలవు దొరికిన ఆదివారం మళ్ళీ వెళుతున్నాము. తూము పక్కన ఏమేం ఉండేవో అమ్మీ చెబుతుంటే మా అబ్బాయి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు.