కళ్ళకలక కాదండీ!

సినిమావాళ్ళకి కళ్ళే ఆస్తి అంటారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో సావిత్రిగారి కళ్ళు చూసినవాళ్ళెవరూ ఆ మాట కాదనరు. నాకంత ఆస్తి లేదు లెండి! నేను గ్రూప్ డాన్సర్‌ని. కృష్ణానగర్‌లో చిన్న గది, నెలకి పది పన్నెండు రోజులు పని. తెరమీద మీరు నన్ను చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. అంతే తేడా!

రెండేళ్ళ క్రితం సంగతి. పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. వెంట్రుకల మొదళ్ళలో చుండ్రులాంటి పొట్టు. కంట్లో ఇసక పడ్డట్టు గరగర. వాచిన రెప్పలమీద దట్టంగా కాటుక దిద్దుకుని షూటింగ్‌కి పరిగెత్తేదాన్ని.

ఒకరోజు మేకప్ గదిలో పక్కనున్న అమ్మాయి "అమ్మో, కళ్ళకలక!" అంటూ కుర్చీ జరుపుకుంది. అంతే, క్షణంలో గది ఖాళీ! అసిస్టెంట్ మాస్టరుగారు వచ్చి చూసి, "నువ్వు చివరి వరసలో నిలబడమ్మా" అన్నారు. ఆ మర్నాటినుంచి పిలుపే లేదు. గది అద్దె మాత్రం ఒకటో తారీఖుకి ఠంచనుగా వచ్చింది!

మందుల షాపులో చుక్కలు కొని వేసుకున్నాను. రెండు రోజుల్లో ఎరుపు మాయం. మానేయగానే మళ్ళీ ప్రత్యక్షం! చివరికి కళ్ళ డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. "ఇది అందరికీ అంటుకుంటుందా మేడమ్?" అదే నా మొదటి ప్రశ్న.

"అంటుకోదమ్మా. ఇది కళ్ళకలక కాదు, రెప్పల అంచుల వాపు. బ్లెఫరైటిస్ అంటాం" అన్నారావిడ. ఒక్కో రెప్ప అంచులో 20 నుంచి 40 దాకా సన్నని నూనె గ్రంథులుంటాయట. ఆ నూనె కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. "చలికాలం నెయ్యి పేరుకున్నట్టు నీకది పేరుకుంది. వెచ్చ చేస్తే కరుగుతుంది" అన్నారు. నేను వాడిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉందని, డాక్టరు చూడకుండా వాడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చని, శుక్లం కూడా రావచ్చని కోప్పడ్డారు.

వైద్యమంతా ఇంట్లోనే! చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ మూసిన కళ్ళమీద 5 నుంచి 10 నిమిషాలు వేసుకోవాలి. చల్లారితే మళ్ళీ ముంచాలి. తర్వాత పైరెప్పని కిందికి, కిందిరెప్పని పైకి, వెంట్రుకల వైపు వేలితో మెల్లిగా నిమరాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి, దూదితో వెంట్రుకల మొదళ్ళు తుడిచి, మంచినీళ్ళతో కడుక్కోవాలి. మొదట్లో రోజూ రెండుసార్లు, తగ్గాక ఒకసారి.

మూడు వారాల్లో అద్దంలో నా కళ్ళు నాకే నచ్చాయి. ఇంకేం, నైట్ షూటింగుల హడావుడిలో మానేశాను. పది రోజుల్లో పాత కథే, రీలు మళ్ళీ మొదటికొచ్చింది! డాక్టరమ్మగారు తిట్టలేదు. "రోజూ పళ్ళు తోముకుంటావు కదా? ఇదీ అంతే. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి ఏడ్చాను. ఏడ్చి లేచి నీళ్ళు కాచుకున్నాను.

ఇప్పుడు నా కాటుక పెన్సిలు ఎవరికీ ఇవ్వను, ఎవరిదీ తీసుకోను. రెప్ప లోపలి అంచున కాటుక పెట్టను, మేకప్ తుడవకుండా పడుకోను. మీకూ ఇలా ఉంటే ముందు డాక్టరుకి చూపించండి. నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, వెలుతురు భరించలేకపోయినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

మొన్న అమ్మని సినిమాకి తీసుకెళ్ళాను. పాటలో మూడో వరసలో రెండు సెకన్లు కనిపించాను. హీరోయిన్ చీర గురించి ఏమైనా అంటుందేమో అనుకున్నాను. అమ్మ నా చెయ్యి నొక్కి, "కళ్ళు బాగున్నాయే!" అంది.